కోనసీమలో ఆహార తనిఖీ: కలరా రోజుల నుంచి నేటి దాకా

కోనసీమలో ఆహార తనిఖీ మొదట నీటి తనిఖీగా పుట్టింది. గోదావరి గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న ఈ సీమకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలను తెచ్చింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కట్టిన అక్విడక్టు ఆ నీటిని నగరం, రాజోలు ప్రాంతాలకు దాటించింది. పొలం తడిపిందీ, ధాన్యం పడవలను మోసిందీ ఆ కాలువే. జనం స్నానం చేసిందీ, పశువులను కడిగిందీ, బిందె ముంచుకున్నదీ అందులోనే. వేసవిలో కాలువలు కట్టేస్తే ముందుగా నింపి ఉంచిన మంచినీళ్ల చెరువులే దిక్కు. ఒక ఊళ్లో కలరా తగిలితే అది కాలువ వెంట కింది ఊళ్లకు దిగిపోయేది. తీర్థానికి వచ్చిన జనంతో తిరిగి పై ఊళ్లకు ఎక్కేది. ఆరోగ్య సిబ్బంది ఈ ప్రాంతానికి రావడానికి మొదటి కారణం ఆ జబ్బే.

మద్రాసు ప్రెసిడెన్సీలో శానిటరీ కమిషన్ 1864లో ఏర్పడింది. అంతకు ముందే, 1860 నాటి భారత శిక్షాస్మృతి ఆహారం గురించి రెండు సెక్షన్లు పెట్టింది. అమ్మకానికి ఉంచిన తిండిని, పానీయాన్ని హానికరంగా కల్తీ చేయడం 272వ సెక్షన్ కింద నేరమైంది. చెడిపోయిందని తెలిసీ అమ్మడం 273వ సెక్షన్ కింద నేరమైంది. దేనికైనా ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి. అయితే ఆ తిండి ఆరోగ్యానికి హాని చేస్తుందని రుజువు చేయాల్సి వచ్చేది. పాలలో నీళ్లు కలిపితే కొన్నవాడు మోసపోయినట్టే గాని, ఆ పాలు విషమని చెప్పలేం. రోజూ జరిగే కల్తీలో ఎక్కువ భాగం ఈ సెక్షన్లకు చిక్కకుండా జారిపోయింది. కల్తీకి శిక్ష వేయాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. ధాన్యం, నూనె, ఉప్పు, మందులలో నాసిరకం కలిపితే 12 పణాల జరిమానా అని కౌటిలీయ అర్థశాస్త్రంలోనే ఉంది. లోపించినది కల్తీని కొలిచి నిరూపించే సాధనం.

ఆ రోజుల్లో తిండి ఎక్కువగా వండినవారి చేతి నుంచే తిన్నవారి విస్తరిలోకి వచ్చేది. లంకల గన్నవరంలో వేళతో పని లేకుండా బాటసారులకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) కాలం అది. పెట్టే ఇల్లు ఏదో, వండిన చెయ్యి ఏదో అందరికీ తెలుసు. నాణ్యతకు హామీ ఆ ముఖపరిచయమే. కాఫీ హోటళ్లు, మిఠాయి దుకాణాలు, డబ్బాల్లో వచ్చే నూనెలు పెరిగిన కొద్దీ కొన్నవాడికి చేసినవాడెవరో తెలియకుండా పోయింది. ఆ ఖాళీని పూరించడానికే తనిఖీ అధికారి వచ్చాడు.

మద్రాసు కాలం

మద్రాసు కల్తీ నిరోధక చట్టం 1918లో వచ్చింది. హాని రుజువు చేయనక్కరలేకుండానే, ఒక పదార్థం ఉండవలసిన తీరులో లేకపోతే అమ్మినవాడిని బాధ్యుడిని చేసే మార్గం దీనితో తెరుచుకుంది. ఇంగ్లండులో 1875 నాటి ఆహార, ఔషధ విక్రయ చట్టం వేసిన దారి ఇదే. 1920 నాటి స్థానిక సంస్థల చట్టాలు సంతలు, కబేళాల నిర్వహణను పురపాలక సంఘాలకు, తాలూకా, జిల్లా బోర్డులకు అప్పగించాయి. 1920ల్లో ప్రభుత్వం జిల్లాలకు హెల్త్ ఆఫీసర్లను, వారి కింద హెల్త్ ఇన్‌స్పెక్టర్లను నియమించింది. ఆ ఇన్‌స్పెక్టరుకు తిండి ఒక్కటే పని కాదు. మశూచి టీకాలు, కలరా సూదిమందు, జనన మరణాల లెక్కలు, బావుల్లో మందు చల్లించడం అన్నీ ఆయన మీదే. దుకాణం తనిఖీ వీటన్నిటి మధ్య దొరికిన వేళలో జరగాలి.

1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. దేశంలో ఇటువంటి సమగ్ర చట్టాల్లో ఇది మొదటిది. మంచినీరు, మురుగు, అంటువ్యాధులు, సత్రాలు, తిండి పదార్థాలతో పాటు జాతరలకు, ఉత్సవాలకు ఒక ప్రత్యేక అధ్యాయమే ఇందులో ఉంది. కోనసీమకు ఆ అధ్యాయం సరిగ్గా అతికింది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి రథోత్సవం, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇంకా ఊరూరా చిన్న తీర్థాలు. ఒక్కరోజులో వేలమంది చేరే చోట జీళ్లు, ఖర్జూరం, మిఠాయిలు ఆరుబయట తట్టల్లో పెట్టి అమ్ముతారు. అక్కడ నీళ్లు ఎక్కడివి, వాటిలో మందు వేశారా, తినుబండారాల మీద ఈగలు వాలకుండా మూత ఉందా, కుళ్లిన పండ్లు ఉన్నాయా అన్నది చూడడం హెల్త్ ఇన్‌స్పెక్టరు బాధ్యత అయింది. పాడైన సరుకును అక్కడికక్కడే పారబోయించే అధికారం ఆరోగ్య శాఖకు దక్కింది.

చట్టం చేతిలో ఉన్నా, ప్రయోగశాల దూరంగా ఉండేది. ప్రభుత్వ ఆహార పరీక్షకు కేంద్రం మద్రాసు దగ్గర గిండీలో 1899లో వెలసిన కింగ్ ఇన్‌స్టిట్యూట్. అమలాపురంలో తీసిన పాల నమూనా అక్కడికి చేరాలంటే పడవలో లాకులు దాటాలి, పంటు మీద పాయ దాటాలి, రాజమండ్రిలో రైలెక్కాలి. పాలు ఒక్క పూటలో విరిగిపోయే సరుకు. కోనసీమ ఆహార తనిఖీ చరిత్ర అంతటా ఈ దూరమే అడ్డుపడుతూ వచ్చింది. తప్పు జరిగిన చోటుకూ, దాన్ని తప్పని తేల్చే చోటుకూ మధ్య ఎంత ఎడం ఉంటే చట్టం పట్టు అంత సడలింది.

నెయ్యిలో నువ్వుల నూనె

1930ల చివర వనస్పతి అంగళ్లలోకి వచ్చాక నెయ్యి పెద్ద సమస్య అయింది. తెల్లగా, పూసకట్టి, నెయ్యిలాగే కనిపించే ఈ సరుకును నేతిలో కలిపితే కంటికి, ముక్కుకు ఆనవాలు దొరకదు. 1937 నాటి వ్యవసాయోత్పత్తుల గ్రేడింగ్, మార్కింగ్ చట్టం కింద వచ్చిన అగ్‌మార్క్ ముద్ర నేతికి ఒక భరోసా ఇచ్చింది. కానీ ఆ ముద్ర కావాలని కోరుకున్న వ్యాపారులకే వర్తించింది.

దీనికి దొరికిన ఉపాయం గొప్ప తెలివైనది. వనస్పతి తయారీలోనే కనీసం 5 శాతం నువ్వుల నూనె కలిపి తీరాలని ప్రభుత్వం నిర్ణయించింది. నువ్వుల నూనెలో ఉన్న ఒక పదార్థం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరాల్‌తో కలిస్తే ఎర్రని రంగు తేలుతుంది. దీన్నే బోడువాన్ పరీక్ష అంటారు. నేతిలో వనస్పతి కలిపితే ఆ నువ్వుల నూనె కూడా వెంట వచ్చి, గాజు గొట్టంలో ఎర్రగా బయటపడుతుంది. నిపుణుల ప్రయోగశాల అవసరం లేకుండా కల్తీ చాలావరకు తెలిసిపోయే మొదటి పరీక్షల్లో ఇది ఒకటి.

1954 చట్టం: శాంపిల్ తీయడం అనే క్రతువు

రాష్ట్రానికొక కల్తీ చట్టం ఉన్న రోజులకు 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ముగింపు పలికింది. ఇది 1955 జూన్ 1న అమలులోకి వచ్చింది. అప్పటికి కోనసీమ కొత్త ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. ఫుడ్ ఇన్‌స్పెక్టర్, పబ్లిక్ అనలిస్ట్, సెంట్రల్ ఫుడ్ లాబొరేటరీ అనే మూడంచెల ఏర్పాటు దేశమంతటికీ ఒకటే అయింది. ఫుడ్ ఇన్‌స్పెక్టరు పదవికి వైద్య పట్టభద్రులే కానక్కరలేదు. ఏడాది అనుభవం ఉండి, ఆహార తనిఖీలో మూడు నెలల శిక్షణ పొందిన శానిటరీ ఇన్‌స్పెక్టరు కూడా అర్హుడే. అందువల్ల కలరా రోజుల నుంచి ఊళ్లు తిరిగిన ఉద్యోగుల తరగతి నుంచే ఈ కొత్త అధికారులు వచ్చారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తల పద్ధతిని సూచించింది. ఆ తర్వాత పల్లె హెల్త్ ఇన్‌స్పెక్టరు పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో ముడిపడింది, ఆహార తనిఖీ వేరే దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆహార తనిఖీ విభాగం హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కింద పనిచేసింది.

ఆ చట్టం కింద శాంపిల్ తీయడం అంటే దుకాణం నుంచి ఒక పొట్లం తెచ్చుకోవడం కాదు. ఇన్‌స్పెక్టరు ముందు తానెవరో చెప్పాలి, పరీక్ష కోసమే కొంటున్నానని లిఖితపూర్వకంగా తెలపాలి, డబ్బు చెల్లించాలి. సాక్షులను పిలవాలి. సరుకును బాగా కలిపి, మూడు సమభాగాలు చేసి, పొడిగా ఉన్న శుభ్రమైన సీసాల్లో పోయాలి. ప్రతి సీసాకూ చీటీ అంటించి, మందమైన కాగితం చుట్టి, దారం కట్టి, లక్కతో సీలు వేయాలి. అమ్మినవాడి సంతకం కాగితం మీదా, చీటీ మీదా పడేలా తీసుకోవాలి. పాలైతే ప్రతి 25 మిల్లీలీటర్లకూ రెండు చుక్కల ఫార్మలిన్ వేయాలి. అవి వేయకపోతే నమూనా దారిలోనే విరిగిపోతుంది. 1976 సవరణ తర్వాత ఒక భాగం పబ్లిక్ అనలిస్టుకు వెళ్లేది, మిగతా రెండూ స్థానిక ఆరోగ్యాధికారి దగ్గర ఉండేవి. నివేదిక తప్పని భావిస్తే, దాని ప్రతి అందిన పది రోజుల్లో రెండో భాగాన్ని సెంట్రల్ లాబొరేటరీకి పంపమని అమ్మినవాడు కోర్టును అడగగలిగేవాడు.

ఇంత పద్ధతి ఎందుకంటే శిక్ష కఠినం. 1976 సవరణ తర్వాత ప్రాణం తీసే అవకాశం ఉన్న కల్తీ తిండికి యావజ్జీవం దాకా వేసే వీలుండేది. నిర్దోషికి అన్యాయం జరగకుండా ఉండాలంటే నమూనా నిష్కళంకంగా ఉండాలి. కానీ ఇదే పద్ధతి అసలు దోషికీ ఆసరా అయింది. సీలు సరిగా పడలేదనో, సాక్షి లేడనో, పంపిన పరిమాణం చాలలేదనో ఎన్నో కేసులు కోర్టుల్లో వీగిపోయాయి. నిర్ణీత పరిమాణం కన్నా కొంచెం తక్కువ నమూనా పంపినంత మాత్రాన, పరీక్షకు అది సరిపోతే, కేసు కొట్టేయనక్కరలేదని సుప్రీంకోర్టు 1978లో అలసెరి మహమ్మద్ కేసులో తేల్చింది. ఈ చట్టంలోనే మరో చిక్కు ఉండేది. నివేదికకు 40 రోజుల గడువు. ఈలోగా ఆ పాలు తాగేశారు, ఆ మిఠాయి అమ్ముడైపోయింది. అమ్మినవాడికి శిక్ష పడుతుందేమో గాని, తిన్నవాడికి రక్షణ దొరకలేదు.

కోనసీమ సరుకులు, వాటి కొలతలు

పాలకు ప్రమాణం వెన్న శాతం, వెన్న పోగా మిగిలే ఘనపదార్థాల శాతం. పాత చట్టం కింద ఆంధ్రప్రదేశ్‌లో గేదె పాలకు వెన్న 5 శాతానికి, మిగతా ఘనపదార్థాలు 9 శాతానికి తగ్గరాదు. లాక్టోమీటర్ నీళ్లను కొంతవరకు పట్టిస్తుంది. వెన్న తీసేసి అదే పాళ్లలో నీళ్లు కలిపితే మాత్రం అది మోసపోతుంది. అందుకే పాల కేంద్రాల్లో వెన్న శాతాన్ని విడిగా కొలుస్తారు.

కొబ్బరిది ఇంకో తీరు. అంబాజీపేట మార్కెట్ కొబ్బరికి పేరు. దింపు, ఒలుపు తర్వాత కాయ బజారుకు వెళ్లవచ్చు, లేదా ఎండబెట్టే కళ్లానికి చేరవచ్చు. కురిడీ కావాలంటే కాయను నెలల తరబడి అటకెక్కించి, లోపలి నీరు ఇంకి గుండు గలగలలాడేదాకా ఆగాలి. పచ్చి కొబ్బరిలో సగానికి సగం నీరే. ఎండుకొబ్బరిలో అది 6 శాతం దగ్గరికి దిగాలి. దిగకపోతే బూజు పడుతుంది, కొన్ని రకాల బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. వానాకాలంలో బూజును ఆపడానికి గంధకం పొగ పెట్టడం ఉంది. దాని అవశేషం కూడా తనిఖీ పరిధిలోకి వచ్చే విషయమే. కొబ్బరి నూనెకు అయోడిన్ విలువ 7.5 నుంచి 10 మధ్య ఉండాలి. పామ్ కెర్నెల్ నూనె చూడడానికి కొబ్బరి నూనెకు దగ్గరిదే అయినా దాని అయోడిన్ విలువ అంతకన్నా ఎక్కువ. కలిపితే ఆ అంకె పైకి జరిగి గుట్టు చెబుతుంది.

రావులపాలెం అరటి మార్కెట్‌కు గెలలు పచ్చిగానే వస్తాయి. మాగబెట్టే చోటే ప్రమాదం. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుట్టి పండు పైపైన రంగు తిరుగుతుంది. ఆ రసాయనంలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. పాత చట్టంలోనూ, 2011 నిబంధనల్లోనూ దీని వాడకం నిషేధమే. అయినా ఆగకపోవడంతో 2015లో హైదరాబాదు హైకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను నిలదీసింది. 2016లో పదిలక్షల్లో 100 భాగాలకు మించకుండా ఇథిలీన్ వాయువుతో పండించడానికి అనుమతి వచ్చింది. ఇథిలీన్ పండు తనంతట తాను పండేటప్పుడు విడిచే వాయువే. నిషేధంతో పాటు చేతికందే మార్గం కూడా చూపితేనే రైతు, వ్యాపారి దారికి వస్తారని ఈ అనుభవం చెబుతోంది.

కొత్తపేట నియోజకవర్గంలోని ఆత్రేయపురం పూతరేకులది మరో పాఠం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, బియ్యపు పిండి జాలులో ముంచిన గుడ్డను పైన పరిచి లాగితే రేకు ఊడి వస్తుంది. ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని ఇది. రేకు తయారీలో మోసానికి చోటు తక్కువ. నేతిలో, బెల్లంలో, పంచదారలో, తడి తగలకుండా దాచడంలోనే నాణ్యత నిలుస్తుంది, లేదా పోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ముద్ర పేరును కాపాడుతుంది. లోపలి నెయ్యి స్వచ్ఛతకు కావలసింది ఆహార ప్రమాణం. రెండూ కలిస్తేనే కొన్నవాడికి న్యాయం.

రొయ్యలు నేర్పిన సంగతి

1980ల చివరి నుంచి తీర మండలాల్లో చెరువులు తవ్వి రొయ్యలు పెంచడం ఊపందుకుంది. 1997లో యూరోపియన్ యూనియన్ పరిశుభ్రత లోపాలు చూపి భారత సముద్రపు ఉత్పత్తుల దిగుమతిని కొంతకాలం నిలిపేసింది. దాంతో ఎగుమతి కర్మాగారాల్లో ప్రతి మెట్టునూ ముందే పరీక్షించే పద్ధతి వేళ్లూనుకుంది. ఆ తర్వాత రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు వివాదం తెచ్చాయి. క్లోరాంఫెనికాల్ వంద కోట్ల భాగాల్లో 0.3 భాగం దొరికినా సరుకు తిప్పి పంపేశారు. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఏ మందులు వాడకూడదో చెరువు గట్టు మీదే తెలిసి తీరాలన్న నియమం బలపడింది. చెరువు నుంచి డబ్బా దాకా ప్రతి దశకూ లెక్క రాసి ఉంచే అలవాటు కోనసీమ రైతుకు ముందుగా విదేశీ కొనుగోలుదారు వల్లే వచ్చింది.

ఊళ్లో అమ్మే చేపకు అంత కాపలా లేదు. 2018లో ఆంధ్ర చేపల్లో ఫార్మలిన్ ఉందంటూ అస్సాం వాటిని కొంతకాలం నిషేధించింది. పాల నమూనాను కాపాడటానికి చట్టమే చుక్కలుగా వేయమన్న ద్రవం తినే చేపలో పడితే విషం. ఐస్ చాలక, ప్రయాణం పొడవై, ఆ పొడవును రసాయనంతో పూడ్చాలని చూసినప్పుడు ఈ ప్రమాదం తలెత్తుతుంది. పట్టిన చోటు నుంచి అమ్మే చోటు దాకా చల్లదనం తెగకుండా చూడడమే దీనికి అసలైన మందు.

వరద, తుపాను, పంక్తి భోజనం

1986 ఆగస్టులో గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చింది. 2022 జులైలో మళ్లీ లంకలు మునిగాయి. ఇటువంటి ప్రతిసారీ ఆరోగ్య సిబ్బంది మొదటి పని మంచినీరే. 1000 లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు, గంట గడిచాక లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. పునరావాస కేంద్రంలో వండిన అన్నం ఎంతసేపు నిలవ ఉందో, కూర పాచిపోయిందో లేదో చూడటం ఆ తర్వాతి పని.

ఆలయాల్లో అన్నప్రసాదం పంక్తులు ఇప్పుడు రోజువారీ అయ్యాయి. అప్పనపల్లిలో నిత్యం భోజనాలు జరుగుతాయి, వాడపల్లిలో శనివారాల రద్దీ ఏటా పెరుగుతోంది. ఆలయ వంటశాలల్లో శుభ్రతకు భోగ్ అనే కేంద్ర పథకం శిక్షణ, పరీక్షలు ఏర్పాటు చేసింది. బడి భోజనాన్ని పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయుడు సహా పెద్దలు రుచి చూడాలన్నది నియమం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. ఆమె ఇంటి విస్తరికి ఉన్న భరోసా ఇప్పుడు నియమంగా బడి వంటగదిలో నిలవాలి.

2006 చట్టం, తర్వాత

2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద జాతీయ ప్రాధికార సంస్థ 2008లో ఏర్పడింది. చట్టం 2011 ఆగస్టు 5న అమలుకు వచ్చింది. కల్తీ అన్న మాట స్థానంలో సురక్షితం కానిది, నాసిరకం, తప్పుడు లేబుల్ అనే విభజన వచ్చింది. నాసిరకానికి 5 లక్షల దాకా, తప్పుడు లేబుల్‌కు 3 లక్షల దాకా జరిమానాను జిల్లా స్థాయి అధికారే విచారించి విధించవచ్చు. తిండి వల్ల ప్రాణం పోతే ఏడేళ్లకు తగ్గని జైలు. అధికారి పేరు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అయింది, అర్హతల్లోకి ఆహార సాంకేతికత, డెయిరీ, సూక్ష్మజీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి చదువులు వచ్చాయి. నమూనా నాలుగు భాగాలైంది. నివేదిక గడువు 14 రోజులకు దిగింది. కావాలంటే వ్యాపారి తన ఖర్చుతో ఒక భాగాన్ని గుర్తింపు పొందిన వేరే ప్రయోగశాలకు పంపమని కోరవచ్చు. 2018 జులై నుంచి మళ్లీ మళ్లీ కాగిన నూనెలో ధ్రువ (పోలార్) పదార్థాలు 25 శాతం దాటరాదన్న నియమం బజ్జీల బండికీ వర్తిస్తోంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు నమోదు. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారం చేసేవారికి 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషన్, అంతకు మించితే లైసెన్సు. ప్రతివారికీ 14 అంకెల సంఖ్య. తీర్థంలో జీళ్లు అమ్మేవారూ, ఆత్రేయపురంలో రేకులు చుట్టేవారూ మొదటిసారి ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కే వీలు కలిగింది. పాత ఇన్‌స్పెక్టరు దుకాణం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లేవాడు. ఇప్పుడు దుకాణం ముందే తన ఉనికి చెప్పుకోవాలి.

దూరం కూడా తగ్గుతూ వచ్చింది. 2002లో తెరిచిన యానాం–ఎదుర్లంక వంతెన గౌతమి మీద పంటు ప్రయాణాన్ని తప్పించింది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం జిల్లా కేంద్రమైంది. అంతకు ముందు కాకినాడ నుంచి నడిచిన పాలన ప్రజలకు చేరువైంది. చిన్న పరీక్షలను బజారులోనే చేసే సంచార ప్రయోగశాల వాహనాలు వచ్చాయి. గిండీకి సీసా పంపి ఎదురుచూసిన రోజులతో పోలిస్తే ఇది చాలా దూరం వచ్చినట్టే. పాలు విరగకముందే, పండు అమ్ముడు కాకముందే, తీర్థం ముగియకముందే ఫలితం తేలే స్థితికి చేరినప్పుడు కోనసీమలో ఆహార తనిఖీ తాను పుట్టిన పనిని, అంటే జబ్బు రాకముందే ఆపడాన్ని, పూర్తి చేసినట్టవుతుంది.